విజయనగరంలో తిండికి లోటు లేదు, కూర్చోవడానికే చోటు వెతుక్కోవాలి

పెళ్లయ్యి పార్వతీపురం నుంచి విజయనగరం వచ్చి పంతొమ్మిదేళ్లు. అందులో పదహారేళ్లు గజపతినగరం దగ్గర ఒక బడికి రోజూ రైల్లో వెళ్లొచ్చాను. అందుకే ఈ ఊళ్లో బయట తినడం నాకు ఆదివారం సరదా కాదు. పొద్దున్న పాసింజరు కదిలేలోగా ఏదో ఒకటి కడుపులో పడాలి. సాయంత్రం దిగాక, ఇంటికెళ్లి కుక్కర్ పెట్టేముందు ఒక అరగంట ఎక్కడైనా ఊరికే కూర్చోవాలి. నా ఇష్టాలన్నీ ఈ రెండు అవసరాల్లోంచి పుట్టినవే.

మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రతిసారీ "మీ ఊళ్లో ఏముంది వదినా, వైజాగ్ పోదాం పద" అంటుంది. వైజాగ్ అరవై కిలోమీటర్లు. తిండి కోసమే అయితే అంత దూరం వెళ్లక్కర్లేదు. కానీ ఆవిడ మాటలో సగం నిజం ఉంది, అది తర్వాత చెప్తాను.

ముందు ఇడ్లీ బండి. స్టేషన్ దారిలో ఉంటుంది, బోర్డు లేదు, భార్యాభర్తలిద్దరు నడుపుతారు. ఇడ్లీలు మామూలుగానే ఉంటాయి, ఒక్కోరోజు గట్టిగా కూడా ఉంటాయి. జనం వెళ్లేది బొంబాయి చట్నీ కోసం. కృష్ణా గుంటూరుల వైపు దీన్ని పూరీకే పరిమితం చేస్తారేమో గానీ మా వైపు ఇడ్లీకి, అట్టుకి కూడా కావాల్సిందే. తాలింపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వేగాక నీళ్లు పోసి, మరిగేటప్పుడు శనగపిండి జారుగా కలిపి పోస్తారు. గరిటె తిప్పడం ఆపితే ఉండ కడుతుంది. ఆవిడ ఒక చేత్తో అది తిప్పుతూనే రెండో చేత్తో చిల్లర లెక్కపెడుతుంది. ఏడింటికి ముందు వెళ్తే చట్నీ ఇడ్లీ మీద నుంచి జారి ఆకంతా పాకుతుంది. ఎనిమిదైతే గరిటెకి అంటుకుని ముద్దగా పడుతుంది, రుచి కూడా పిండి పిండిగా మారిపోతుంది. అలవాటైనవాళ్లు అందుకే ముందే వచ్చేస్తారు. మొదట్లో అడ్డాకులో పెట్టేవారు. ఇప్పుడు స్టీలు పళ్లెం మీద ప్లాస్టిక్ కవరు వేసి పెడుతున్నారు. వేడి చట్నీ ప్లాస్టిక్ మీద పోస్తుంటే నాకు మనసొప్పదు. అడిగితే మాత్రం లోపలున్న ఆకు తీసి ఇస్తుంది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లిన రోజున, "ఏటమ్మా, ఇయ్యాల ఆలీసమైపోనారు. బండెల్లిపోద్ది, నిలబడే తినీండి" అనేది. నిలబడక ఏం చేస్తాం? అక్కడ ఒక్క స్టూలు కూడా లేదు. ఆడపడుచు మాటలో ఉన్న సగం నిజం ఇదే. ఈ ఊళ్లో మంచి తిండి చాలావరకు నిలబడి తినేదే. మగవాళ్లు స్కూటరు స్టాండేసి దానిమీదే కూర్చుని తింటారు, టీ బండి దగ్గర గంటసేపు నిలబడినా ఎవరూ ఏమీ అనుకోరు. ఒంటరిగా ఆడమనిషి టీ గ్లాసు పట్టుకుని పది నిమిషాలు నిలబడితే, పదకొండో నిమిషంలో ఎవరో ఒకరు "ఎవరికోసమైనా చూస్తున్నారా మేడం?" అని అడుగుతారు.

మధ్యాహ్నం భోజనానికి ఒక మెస్ ఉండేది, కోట వైపు సందులో, మేడ మీద. మూడేళ్ల క్రితం మూసేశారు. లేనిదాని గురించి సమీక్ష రాయకూడదేమో గానీ, దాన్ని వదిలేస్తే ఈ ఊరి తిండి గురించి రాసినట్టు కాదు. సెలవు రోజుల్లో వెళ్లేదాన్ని. ముద్దపప్పు, కంద బచ్చలి, మజ్జిగ పులుసు, పనస కాసే రోజుల్లో వారానికి రెండుసార్లు ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ఆవ పెట్టడంలోనే ఉంది కిటుకంతా. ఆవాలు, ఎండుమిర్చి తడిగా నూరి, కూర పొయ్యి మీద నుంచి దించాక కలపాలి. మంట మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది. ముందే కలిపి గంటలు గంటలు ఉంచితే ఘాటు పోతుంది. ఆ మెస్‌లో మొదటి పంక్తికి కూర్చుంటే ఘాటు ముక్కుకెక్కి కళ్లమ్మట నీళ్లు వచ్చేవి. మూడో పంక్తికి చప్పబడిపోయేది. ఆడవాళ్లకి చేతులు కడుక్కునే తొట్టి పక్కన ఒక బల్ల వేసి "ఫ్యామిలీ" అని రాసి పెట్టారు. నేను ఒక్కదాన్నే వెళ్లినా ఫ్యామిలీయే. అయినా ఫర్వాలేదు, ఎవరూ లేవమనేవారు కాదు. అన్నం తిన్నాక మజ్జిగ గ్లాసు పట్టుకుని పావుగంట కిటికీలోంచి సందు చూస్తూ కూర్చునేదాన్ని.

ఇప్పుడు పనసపొట్టు ఇంట్లోనే వండుకుంటున్నాను. గంటస్తంభం దగ్గరి మార్కెట్‌లో లేత పనసకాయ కళ్లముందే కొట్టి ఇస్తారు. చేతికి నూనె రాసుకుని, కాయ చెక్కేసి, బరువైన కత్తితో టకటకా కొడుతుంటే రంపప్పొట్టులా రాలుతుంది. కొట్టేటప్పుడు పక్కన నిలబడి చూడండి. ముందే కొట్టి కవర్లలో కట్టిపెట్టింది కొంటే నల్లబడి ఉంటుంది, రెండుసార్లు మోసపోయాను.

గంటస్తంభం ఈ ఊరికి నడిబొడ్డు. 1885లో కట్టారు, ఎనిమిది పలకల స్తంభం, 68 అడుగుల ఎత్తు. ఎవరు ఏ అడ్రసు అడిగినా "గంటస్తంభం నుంచి" అనే మొదలుపెడతాం. సాయంత్రం ఆరు దాటాక ఆ చుట్టుపక్కల వీధుల్లో బండ్ల మీద బజ్జీ మిక్చర్ తినకుండా ఊరు చూశాననుకోకండి. టమాటా బజ్జీ అంటే నాకు ప్రాణం. టమాటాని శనగపిండిలో ముంచి వేయిస్తాడు. తీసి, చేతి మీదే చాకుతో పొట్ట చీలుస్తాడు. లోపలి గుజ్జు ఇంకా కుతకుతలాడుతూ ఉంటుంది. అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, వేయించిన పల్లీలు, కొత్తిమీర, కారం, ఉప్పు కూరి, పైన నిమ్మకాయ పిండి, రెండు గుప్పెళ్ల మురీలు, అంటే మరమరాలు, చల్లి కాగితం మీద పెట్టి ఇస్తాడు. ఇచ్చిన వెంటనే తింటే నోరు కాలుతుంది, రెండు నిమిషాలాగితే మురీలు మెత్తబడిపోతాయి. సరిగ్గా ఒక్క నిమిషం ఆగాలి. ఆ నిమిషం సేపు వెనకనుంచి ఆటో హారన్, పక్కనుంచి మోచేయి, కాళ్ల దగ్గర ఆవు. అది కూడా కాగితం కోసమే చూస్తూ ఉంటుంది.

కూర్చుని తినాలంటే ఏసీ హోటళ్లున్నాయి. పేరెందుకు గానీ ఒకచోట మా అబ్బాయి పుట్టినరోజుకి నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. చివరికి తెచ్చిన సాంబారు పులిసిపోయి ఉంది. చెప్తే "పొద్దున్నుంచీ ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు మేడం" అన్నారు. మళ్లీ వెళ్లలేదు. ఈ మధ్య వచ్చిన కాఫీ షాపుల్లో మెత్తటి సోఫాలు, చెవులు పగిలేలా పాటలు. కాలేజీ పిల్లలకి మాత్రం అవి వరమే, ముఖ్యంగా ఆడపిల్లలకి. ఒక కాఫీ చెప్పుకుని రెండు గంటలు కూర్చున్నా అడిగేవాళ్లుండరు. నా చిన్నతనంలో అలాంటి చోటు ఒక్కటి ఉన్నా బాగుండేది. కాఫీ మాత్రం ఇంట్లో తాగి వెళ్లండి.

రాత్రిపూట బిర్యానీ పాయింట్ల గురించి, బార్ల గురించి నేను రాయలేను, తెలిసిన మా ఆయన రాయరు.

వేసవిలో రింగ్ రోడ్డు పక్కన కుండల్లో చోడి అంబలి అమ్ముతారు. చోళ్లంటే రాగులే, మేం ఆ పేరుతోనే పిలుస్తాం. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలేసి, నంజుకోవడానికి ఒక పచ్చిమిర్చి ఇస్తారు. మండుటెండలో బడి నుంచి వచ్చిన రోజుల్లో రెండు గ్లాసులు తాగితే ఇంక అన్నం అక్కర్లేదు. మే నెలలో తాటిముంజలు, చలి మొదలయ్యేసరికి సీతాఫలాలు. సీతాఫలాలు మాత్రం స్టేషన్ బయట, గంపల్లో పార్వతీపురం వైపు నుంచి రైల్లో దిగినవే కొంటాను. పుట్టింటి పక్షపాతం అనుకోండి.

ఇంక కూర్చునే చోట్లు. అయ్యకోనేరు గట్టు పొద్దున్న నడిచేవాళ్లది, నాకు ఆ టైం ఎప్పుడూ కుదరలేదు. పెద్దచెరువు గట్టు సాయంత్రం బాగుంటుంది. మా ఊరి దేవత పైడితల్లి అమ్మవారి విగ్రహం దొరికింది ఈ చెరువులోనే అంటారు. వానాకాలం నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వెళ్తే లేవబుద్ధి కాదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వాసనకి ముక్కు మూసుకోవాలి. దీపాలు పెట్టే వేళ దాటాక ఒంటరిగా ఉండకపోవడమే మంచిది.

సంగీత కళాశాల గోడ పక్కన నడవడం కూడా నాకు ఇష్టమే. 1919లో పెట్టిన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠం చెప్పిన చోటు. ఘంటసాల, సుశీల ఇక్కడే చదువుకున్నారు. బయటికి వినపడేది మాత్రం ఎవరో పిల్లాడు ఒకే వరసని పదిసార్లు తప్పు వాయించి, పదకొండోసారి సరిగ్గా వాయించడం. అది వినే వరకు అక్కడి నుంచి కదలను. బల్ల వెయ్యలేదు, గోడకి ఆనుకోవడమే.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఊరంతా కూర్చునే చోటే. దసరా తర్వాత వచ్చే మొదటి మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. సిరిమాను అంటే పూజారిగారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి చెట్టు మాను. ఆ రోజు సిరిమాను వెళ్లే దారిలో ఉన్న ప్రతి డాబా మీదా మనుషులే. మాతో పనిచేసే టీచరుగారి ఇల్లు ఆ దారిలోనే. పదింటికల్లా చాపలు, పులిహోర డబ్బాలు, మంచినీళ్ల సీసాలు పైకి చేరతాయి. తెలియనివాళ్ల పిల్లలు కూడా వచ్చి మన చాప మీదే కూర్చుంటారు, మన డబ్బాలోంచే తింటారు. మధ్యాహ్నం దాటాక ఎక్కడో డప్పులు వినపడతాయి. ఆ తర్వాత ఇళ్ల కప్పుల మీదుగా ఆ మాను చివర, దానిమీద కూర్చున్న పూజారిగారు, గాల్లో తేలుతున్నట్టు వస్తారు. కింద నుంచి జనం అరటిపళ్లు విసురుతారు. నేను విసిరింది ఒక్కసారీ అంతదూరం వెళ్లలేదు, ఎదురింటి డాబా మీద పడుతుంది, వాళ్లు తినేస్తారు. అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మూడోసారి అయ్యేసరికి డబ్బాలు ఖాళీ, కాళ్లు తిమ్మిర్లు. ఆ రోజు బజార్లో తినడం మాత్రం వద్దు, రద్దీకి చేసి పడేస్తారు. జీళ్లు కొనుక్కోండి, చాలు.

ఊరు దాటితే రామతీర్థం ఉంది, గంట్యాడ దాటాక తాటిపూడి రిజర్వాయరు ఉంది. తాటిపూడి నీళ్లు వైజాగ్ వెళ్తాయి, వైజాగ్ జనం ఆదివారం ఆ నీళ్లు చూడ్డానికి ఇక్కడికొస్తారు. మా ఆడపడుచుకి ఇది చెప్తే నమ్మలేదు, తీసుకెళ్లి చూపించాను. పూసపాటిరేగ వైపు చింతపల్లి తీరం ఇంకా ప్రశాంతంగా ఉంటుంది గానీ తినడానికేదీ దొరకదు, కట్టుకుని వెళ్లాలి.

అన్నిటికంటే ఎక్కువ కూర్చున్నది మాత్రం స్టేషన్‌లోనే. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం, టీ స్టాల్‌కి కాస్త అవతల, ఫ్యాన్ కింద బల్ల. టీ ఏమంత గొప్పది కాదు, పాలు పల్చన, పంచదార ఎక్కువ. కానీ స్టేషన్‌లో ఆడమనిషి ఒంటరిగా ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఎందుకని అడగరు. రైలు కోసమే అనుకుంటారు. హౌరా లైనూ రాయపూర్ లైనూ కలిసే జంక్షన్ కాబట్టి ఎప్పుడూ ఏదో ఒక బండి వస్తూనే ఉంటుంది. ఒరియా మాటలు, బెంగాలీ మాటలు, మా పార్వతీపురం యాస అన్నీ ఆ బల్ల మీదే వినపడతాయి. నా పేపర్లు సగం అక్కడే దిద్దాను.

మూడేళ్ల క్రితం ఊళ్లోకే బదిలీ అయింది, రైలు అవసరం తీరిపోయింది. అయినా వారానికి ఒకసారైనా వెళ్తున్నాను. మొన్న టికెట్ కలెక్టరు గుర్తుపట్టి, "ఎక్కడికి మేడం, మళ్లీ గజపతినగరమా?" అన్నారు. ఎక్కడికీ కాదండీ, టీకి వచ్చాను అని చెప్పాను. ప్లాట్‌ఫాం టికెట్ పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. అంతకంటే ఎక్కువసేపు నాకెప్పుడూ అవసరం పడలేదు.