ఫిన్లాండ్‌లో మాస్టర్స్: చదువుకు ఢోకా లేదు, డబ్బు లెక్కలే ముందు తేల్చుకోవాలి

ఫిన్లాండ్‌లోని టాంపెరె నగరంలో మాస్టర్స్ పూర్తిచేసి, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. మన వైపు నుంచి ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే: పార్ట్ టైమ్ పని దొరుకుతుందా అని. చదువు ఎలా ఉంటుందని అడిగేవాళ్లు అరుదు. ఆ పని మీద లెక్క వేసుకుని మాత్రం బయలుదేరకండి. రెండేళ్ల ఫీజుకు దారి, కనీసం మొదటి ఏడాది ఖర్చు చేతిలో ఉంటేనే విమానం ఎక్కండి.

ఐరోపా సమాఖ్యకు బయటి దేశాల వాళ్లకు ఇంగ్లిష్ మాధ్యమం డిగ్రీలు 2017 వరకు ఉచితం. ఇప్పుడు మాస్టర్స్‌కు చాలాచోట్ల ఏడాదికి 8,000 నుంచి 18,000 యూరోల దాకా ఫీజు ఉంటుంది. నివాస అనుమతి కోసం చూపాల్సిన జీవన ఖర్చు 2024 నవంబరులో నెలకు 560 యూరోల నుంచి 800కు పెరిగింది. అంటే ఏడాదికి 9,600 యూరోలు, అదీ విద్యార్థి సొంత ఖాతాలో. ఎవరి దగ్గరో సర్ది చూపించి, అనుమతి రాగానే తిరిగి ఇచ్చేయమని చెప్పే సలహాదారులు మన దగ్గర ఉన్నారు. వాళ్ల మాట వినకండి. 2022 నుంచి అనుమతి చదువు మొత్తానికీ ఒకేసారి ఇస్తున్నారు గానీ, మధ్యలో డబ్బు ఉందా, క్రెడిట్లు వస్తున్నాయా అని వలస వ్యవహారాల సంస్థ 'మిగ్రి' తనిఖీ చేస్తుంది. తేడా వస్తే అనుమతికే ఎసరు.

చట్టం వారానికి సగటున 30 గంటలు పని చేయనిస్తుంది. పని దొరకాలి కదా! క్లీనింగ్, తెల్లవారకముందే పేపర్లు వేయడం, సైకిల్ మీద భోజనం డెలివరీ... కొత్తగా వచ్చినవాళ్లంతా పడేది వీటి మీదే. వంటగదుల్లో చేరాలంటే ఆహార శుభ్రత పరీక్ష పాసై కార్డు తెచ్చుకోవాలి, అది ఇంగ్లిష్‌లోనూ రాయవచ్చు. ఆదివారం పనికి చట్టప్రకారం రెట్టింపు వేతనం, అందుకే ఆ షిఫ్టులకు పోటీ. నాకు తెలిసినవాళ్లలో చాలామందికి మొదటి శీతాకాలమంతా స్థిరమైన పని దొరకలేదు.

దిగిన వెంటనే తలనొప్పి తెచ్చేది బ్యాంకు ఖాతా. ఆస్పత్రి అపాయింట్‌మెంటుకైనా పన్ను కార్డుకైనా మామూలుగా బ్యాంకు ఇచ్చే ఆన్‌లైన్ గుర్తింపుతోనే లాగిన్ కావాలి. ఆ గుర్తింపు రావాలంటే వ్యక్తిగత సంఖ్య (మన ఆధార్ సంఖ్య లాంటిది), నివాస కార్డు, బ్యాంకులో అపాయింట్‌మెంటు కావాలి. ఆ అపాయింట్‌మెంటుకు మళ్లీ వారాల తరబడి నిరీక్షణ. తాళంచెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే ఉంటుంది మొదటి నెల. నివాస అనుమతికి దరఖాస్తు చేసేటప్పుడే వ్యక్తిగత సంఖ్య కూడా అడిగితే ఒక మెట్టు తగ్గుతుంది. విద్యార్థి ఆరోగ్య సేవల రుసుము గురించి కూడా గుర్తుపెట్టుకోండి: కేలా అనే ప్రభుత్వ సంస్థకు ప్రతి సెమిస్టరూ కట్టాలి, కానీ బిల్లు రాదు. గడువులోగా మనంతట మనమే కట్టాలి, లేదంటే అపరాధ రుసుము పడుతుంది.

ఇక చదువు. ఈ విషయంలో నాకు ఫిర్యాదే లేదు. ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలవాలంటే మొదట్లో నోరు రాదు, తర్వాత అలవాటవుతుంది. హాజరు పట్టీ చాలా కోర్సుల్లో ఉండదు. కొన్ని పరీక్షలకైతే తేదీ మనమే ఎంచుకోవచ్చు: కెమెరాలున్న గదిలో ఒక కంప్యూటర్ బుక్ చేసుకుని, కార్డుతో లోపలికెళ్లి, రాసి రావడమే. ఇన్విజిలేటర్ ఉండడు. మార్కులు సున్నా నుంచి అయిదు వరకు. తప్పితే మళ్లీ రాసే అవకాశం ఉంటుంది, ఎవరూ ముఖం చిట్లించరు. ఇంత స్వేచ్ఛలో వెనకబడటం కూడా సులువే. ఫీజు రాయితీ ఉన్నవాళ్లు జాగ్రత్త, చాలాచోట్ల రెండో ఏడాది రాయితీ మొదటి ఏడాది క్రెడిట్ల మీదే ఆధారపడుతుంది.

విద్యార్థుల భోజనశాల ఒక వరం. ప్రభుత్వ రాయితీ వల్ల మూడు యూరోలకు అటూ ఇటూగా ప్రధాన వంటకం, సలాడ్, రొట్టె, పాలు వస్తాయి. గురువారం ఆనవాయితీగా బఠాణీ సూప్, దాని వెంట జామ్‌తో పాన్‌కేక్. ఆ సూప్‌లో మామూలుగా పంది మాంసం వేస్తారు, శాకాహారులు పక్క గిన్నె మీది చీటీ చదివి వడ్డించుకోవాలి. కారం మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోవలసిందే.

చలి గురించి భయపెట్టేవాళ్లు ఎక్కువ. ఇళ్లలో వెచ్చగానే ఉంటుంది, కోటు ఇక్కడే సెకండ్‌హ్యాండ్ దుకాణంలో కొనుక్కోవచ్చు. అసలు కష్టం చీకటి. డిసెంబరులో టాంపెరెలో సూర్యుడు పదికి కాస్త ముందు వచ్చి, మూడింటికల్లా వెళ్లిపోతాడు. విటమిన్ డి మాత్రలు మానకండి. మంచు కరిగి మళ్లీ గడ్డకట్టే మార్చిలో కాలు జారుతుంది, బూట్లకు తొడిగే మేకుల పట్టీలు అప్పుడు కావాలి.

ఉద్యోగం దగ్గరే నేను మార్కులు తగ్గిస్తాను. డిగ్రీ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ల అనుమతి ఇస్తారు, అది మంచి నియమం. కానీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఫిన్నిష్ అడిగే ప్రకటనలే ఎక్కువ, పైగా 2025లో నిరుద్యోగం పది శాతం దరిదాపుల్లో ఉంది. వర్సిటీలో ఫిన్నిష్ తరగతులు ఉచితం, మొదటి సెమిస్టర్‌లోనే చేరండి. పదిహేను విభక్తులని హడలిపోనక్కరలేదు, పదం చివర ప్రత్యయాలు చేర్చడం, హ్రస్వదీర్ఘాలూ ద్విత్వాలూ పలకడం తెలుగువాళ్లకు కొత్త కాదు. మా క్లాసులో ఉచ్చారణకు ఎక్కువ తంటాలు పడింది ఇతరులే.

ఇవన్నీ లెక్క వేసుకున్నాక కూడా రావాలనిపిస్తే, ఒకే ఫారంతో పలు వర్సిటీల కోర్సులకు పెట్టుకునే ఉమ్మడి దరఖాస్తు జనవరిలో ఉంటుంది. ఆరు కోర్సుల దాకా ఎంచుకోవచ్చు. మన దేశం వాళ్లు 2025 నుంచి 100 యూరోల దరఖాస్తు రుసుము కడుతున్నారు. ఆరు వరుసలూ నింపేయాలన్న తొందరలో ఏదో ఒకటి చేర్చకండి. ఒక్కో కోర్సు పేజీ తెరిచి, ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఇస్తారా లేదా చూడండి. డిగ్రీలో భాగమైన ఇంటర్న్‌షిప్‌కు ఆ 30 గంటల పరిమితి వర్తించదు, ఇక్కడి కంపెనీ గుమ్మం తొక్కడానికి నేను చూసిన దగ్గరి దారి అదే.