అటకలో రకూన్లు: మూడు చలికాలాల తరువాత ఏది నిలిచింది

వర్జీనియా రాష్ట్రం హెర్న్‌డన్‌లో మాది 1970లలో కట్టిన ఇల్లు. సోఫిట్ (చూరు కింద కప్పిన పలక) మూలన చెక్క నాని మెత్తబడిన చోట ఒక తల్లి రకూన్ (చారల తోక ఉండి, పిల్లి కన్నా కాస్త పెద్దగా ఉండే ఇక్కడి అడవి జంతువు) దూరి, అటకలో పిల్లలను పెట్టి, వసంతమంతా అక్కడే కాపురం చేసింది. దాన్ని పంపించడానికి, అది మిగిల్చిన రొచ్చు ఎత్తించడానికి, మరొకటి రాకుండా చూసుకోవడానికి కొన్నవీ చేయించినవీ ఇప్పటికి మూడు చలికాలాలు చూశాయి. పని పూర్తయిన వారానికే రాసే సమీక్షలకు కొదవ లేదు. అప్పటికి అందరి అటకా శుభ్రంగానే ఉంటుంది. మూడో ఏడాది ఆగస్టు ఉక్కలో ఏ గదిలో వాసన వస్తోందో, ఏ మూల జాలీ ఊడిందో చెప్పేవారే తక్కువ.

నా లెక్కలో డబ్బు పెట్టదగినవి రెండు: కన్నాలకు బిగించిన ఇనుప జాలీ, చలీ వేడీ ఆపడానికి అటకలో పరిచి, పాడైపోయిన ఇన్సులేషన్‌ను పూర్తిగా తీయించడం. సీసాల్లోనూ ప్లగ్గుల్లోనూ వచ్చే సామాను అంతా దండగ.

ఆ దండగ గురించి త్వరగా చెప్పేస్తాను. మన చెవికి వినపడని శబ్దంతో జంతువులను తరిమేస్తామనే యంత్రాల విషయంలో వ్యాపార మోసాల మీద నిఘా ఉంచే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే తయారీదారులకు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపింది. అయినా అవి దుకాణాల్లో దర్జాగా ఉన్నాయి. మేము పెట్టిన యంత్రం పక్కనే రకూన్ హాయిగా పడుకున్న గుంట తరువాత కనిపించింది. కలరా ఉండలు చల్లమని సలహా ఇచ్చేవారు ప్రతి పార్టీలోనూ ఒకరుంటారు. ఇక్కడ అవి పురుగుమందు కింద నమోదైన సరుకు. డబ్బా మీద రాసిన పనికి తప్ప మరో పనికి వాడటం చట్టవిరుద్ధం. పైగా ఆ ఆవిరి అటకలోంచి పడకగదుల్లోకే దిగుతుంది. ఫోమ్ గన్‌తో కన్నం పూడ్చడం మరో వృథా. రకూన్ చేతులు ఫోమ్‌ను ఇడ్లీ తుంచినట్టు తుంచేస్తాయి.

ఖర్చు లేకుండా కొంత పనిచేసింది వెలుతురూ మాటల చప్పుడూ. అటకలో పగలు దీపం వెలిగించి, కబుర్లు చెప్పే రేడియో ఒకటి మోగించాం. తల్లి రకూన్‌కు సాధారణంగా ఒకటికి మించి స్థావరాలుంటాయి. పగటి నిద్ర పాడైతే పిల్లలను మెడ దగ్గర నోట కరుచుకుని ఒక్కొక్కటిగా వేరే చోటికి మోసుకుపోతుంది. మా తల్లి కొంత ఆలస్యంగా, బహుశా విసుక్కుంటూ, ఆ పనే చేసింది.

లోపలి నుంచి బయటికి మాత్రమే తెరుచుకునే తలుపును ఆ తరువాతే బిగించారు. ఈ వన్-వే డోర్ మంచి పరికరం, కానీ దాని విలువంతా సమయంలో ఉంది. రకూన్ పిల్లలు ఎక్కువగా మార్చి నుంచి మే దాకా పుడతాయి. తల్లి వెంట నడవడానికి వాటికి ఎనిమిది పది వారాలు పడుతుంది. ఈలోగా తలుపు పెడితే తల్లి బయట, పిల్లలు లోపల. తల్లి పిల్లల కోసం పైకప్పును ఇంకో చోట చీలుస్తుంది, లేదా పిల్లలు లోపలే చచ్చి కుళ్లుతాయి. ఇళ్లలోంచి జంతువులను పంపించే కంపెనీ నుంచి మాకు మొదట వచ్చిన మనిషి ఏప్రిల్‌లోనే తలుపు పెట్టేద్దామన్నాడు, పిల్లలున్నాయా అని చూడనైనా లేదు. అతణ్ణి పంపించేశాం. బోనులో పట్టి దూరంగా అడవిలో వదిలేయడం సులువు కదా అని మిత్రులు అడుగుతుంటారు. వర్జీనియాలో అడవి జంతువును పట్టి మరో చోట వదలడం నేరం. రేబిస్ దీనికి ఒక ముఖ్య కారణం: 1970ల చివర్లో ఈ ప్రాంతానికి పాకిన రకూన్ రేబిస్ తూర్పు రాష్ట్రాల్లో నేటికీ ఉంది.

కన్నం ఖాళీ అయిందో లేదో తెలుసుకోవడానికి వాడింది మాత్రం పాత వార్తాపత్రిక. ఉండ చేసి కన్నంలో వదులుగా కుక్కితే, లోపల జంతువు ఉన్నట్టయితే రాత్రికి తోసేస్తుంది. వరుసగా రెండు మూడు రాత్రులు కదలకపోతే ఇల్లు ఖాళీ అన్నమాట. నాకు అద్దెకిస్తామన్న థర్మల్ కెమెరా కన్నా ఇదే నయం.

ఇక శుభ్రత. ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. రకూన్లు ఎక్కడపడితే అక్కడ విసర్జించవు, ఒక మూలను మరుగుదొడ్డిగా ఎంచుకుని మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్తాయి. ఆ మలంలో బేలిసాస్కారిస్ అనే గుండ్రటి పురుగు గుడ్లు ఉండవచ్చు. బయటపడిన రెండు నుంచి నాలుగు వారాల్లో గుడ్లు అంటుకునే దశకు చేరతాయి, ఆ తరువాత ఏళ్ల తరబడి బతుకుతాయి. మనుషులకు సోకడం అరుదే, సోకితే మాత్రం కంటికీ మెదడుకూ ప్రమాదం. నేలన పడినవి నోట్లో పెట్టుకునే పసిపిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త అవసరం. ఈ గుడ్లు బ్లీచింగ్‌కు చావవు, మామూలు క్రిమిసంహారకాలకు లొంగవు. వేడికి చస్తాయి: సలసల కాగే నీళ్లు, ఆవిరి.

ఈ సంగతి తెలిస్తే కంపెనీల కొటేషన్‌లో ‘శానిటైజేషన్ ఫాగ్’ అన్న పంక్తి మీద చెయ్యి ఆగుతుంది. ఇన్సులేషన్ అలాగే ఉంచి పైన పొగమంచులా మందు కొడితే చాలని మాకు ఒకరు చెప్పారు. ఎంజైమ్ మందు వాసనను తగ్గిస్తుంది, అంతవరకు నిజం. మూత్రం పీల్చుకున్న దూదిలాంటి సరుకు లోపలికి అది వెళ్లదు, గుడ్లను ఏమీ చేయదు. మేము మొత్తం తీయించాం. పనివాళ్లు పైనుంచి కింది దాకా కప్పే దుస్తులు, ముఖానికి పట్టుగా అమరే శ్వాస మాస్కులు, రబ్బరు బూట్లు వేసుకున్నారు. దుమ్ము లేవకుండా మలం మీద ముందు నీళ్లు చిలకరించారు. లావుపాటి గొట్టంతో ఇన్సులేషన్ పీల్చి సంచుల్లోకి పంపారు, దూలాల మధ్య మిగిలిన పొడిని సన్నని ధూళిని కూడా పట్టే హెపా వాక్యూమ్‌తో తీశారు, మరుగుదొడ్డి మూలకు ఆవిరి పట్టారు. నా పట్టుదలతో చేయించిన అదనపు పని ఒక్కటే: మరకలు పడిన చెక్కకు వాసనను లోపలే బంధించే షెల్లాక్ (లక్క) ప్రైమర్ రెండు పూతలు. మూడు వేసవులు గడిచాయి. ప్రైమర్ పూసిన చోట ఉక్కపోతలోనూ వాసన లేదు. అటక తలుపు దగ్గర పూయకుండా వదిలేసిన ఒక దూలం మాత్రం వాన ముసురు రోజుల్లో ఇప్పటికీ లేతగా ఆ కంపు విడుస్తుంది.

మీ ఇల్లు పాతదై, ఇన్సులేషన్ గులకరాళ్లలా మెరిసే వర్మిక్యులైట్ అయితే ఎవరినీ ముట్టనివ్వకండి. అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, దాన్ని తీసే మనుషులు వేరు.

కొత్తగా ఊదించిన ఇన్సులేషన్ సెల్యులోజ్ (కాగితపు నార), సుమారు పద్నాలుగు అంగుళాల మందం, అంటే వేడిని ఆపే శక్తిని కొలిచే ఆర్ లెక్కలో ఆర్-49కి దగ్గర. ముందుగా దీపాల చుట్టూ, వైర్లు దిగే చోట్లా గాలి సందులు పూడ్చారు. మా పైగది చలి తగ్గడానికి ఇన్సులేషన్ ఎంత కారణమో ఆ సందుల పూడిక అంత కారణమని నా నమ్మకం. సెల్యులోజ్ కొంత అణిగింది, దూలానికి కొట్టిన కొలబద్దలో అది కనిపిస్తుంది. అణుగుతుందని ముందే చెప్పి కాస్త ఎక్కువే పోశారు కనుక ఫిర్యాదు లేదు. రకూన్ పీకేసిన బాత్‌రూం ఫ్యాన్ గొట్టాన్ని కూడా అప్పుడే కలిపారు. అది ఊడిన నెలల్లో స్నానాల ఆవిరంతా అటకలోకే పోయి పైకప్పు పలకలకు బూజు పట్టింది. ఈ గొట్టం సంగతి ఏ కంపెనీ తనంతట తాను చెప్పలేదు.

బీమా సంగతి వినడానికి వింతగా ఉంటుంది. మా పాలసీ అనుసరించిన 2011 నాటి బీమా నమూనా పత్రంలో పక్షులు, ఎలుక జాతి, పురుగులు చేసే నష్టానికి పరిహారం లేదు. రకూన్ ఎలుక జాతి కాదు, శాస్త్రం ప్రకారం మాంసాహార వర్గం. కాబట్టి చిరిగిన సోఫిట్‌కూ ఆ ఫ్యాన్ గొట్టానికీ డబ్బు వచ్చింది. అదే నమూనాలో ఏ జంతువు గూడైనా, మలమూత్రాలైనా వర్తించవని మరో వాక్యం ఉంది. దాన్ని చూపించి ఇన్సులేషన్ ఖర్చు మా నెత్తినే వేశారు. ఖర్చులో పెద్ద వాటా అదే. అభ్యర్థన రాసేటప్పుడు విరిగినవి వేరుగా, మురికైనవి వేరుగా ఫోటోలు తీసి రెండు బిల్లులు అడగండి. అన్నీ కలిపి రాస్తే రెండూ పోయే ప్రమాదముంది.

చివరగా ఇనుప పని. అర అంగుళం గళ్ల గాల్వనైజ్డ్ జాలీ, తీగ మందం 16 గేజ్, వాషర్లతో స్క్రూలు. కోళ్ల గూటి వల పనికిరాదు, రకూన్లు చేత్తో చింపేస్తాయి. మరుసటి వసంతంలో వాననీటి గొట్టం మీద బురద పాదాల గుర్తులు పైదాకా కనిపించాయి. పాత మూల దగ్గర పెయింట్ గీరుకుపోయింది, జాలీ కదలలేదు. వెనక వైపు గాలి ఆడే ఒక వెంట్‌కు మాత్రం పనివాళ్లు స్క్రూలకు బదులు స్టేపుల్ పిన్నులు కొట్టారు, అక్కడ అంచు లేచింది. వారంటీ కింద వచ్చి సరిచేశారు. అయితే ఆ వారంటీని చదివితే వారు మూసిన కన్నాలకే పూచీ, అదీ ఏటేటా తనిఖీ రుసుము కడితేనే. ఒక ఏడు కట్టి మానేశాను. ఇప్పుడు జనవరి చివర, ఆడ రకూన్లు చోటు వెతుక్కునే ముందే, నేనే నిచ్చెన వేసి స్క్రూలు లాగి చూస్తున్నాను, వాననీటి గొట్టం పక్కకు వంగిన మేపుల్ కొమ్మ నరికిస్తున్నాను. ప్లాస్టిక్ రూఫ్ వెంట్లు రెండు ఇంకా మిగిలి ఉన్నాయి, ఈసారి వాటికీ లోహపు మూతలు పెట్టించాలి.