పుదుచ్చేరిలో పాప అడుగుల లెక్కన నాలుగు రోజులు

మాది కాకినాడ. పక్కనే ఉన్న యానాం వాళ్లకు రాజధాని పుదుచ్చేరి. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆ ఊరి పేరు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా, వెళ్లడం మాత్రం ఈ జనవరిలోనే కుదిరింది. అదీ రెండున్నరేళ్ల పాపతో, ఎనిమిది నెలల బాబుతో. రాత్రి రైలులో చెన్నై చేరి, అక్కడి నుంచి సముద్రం పక్కనే సాగే దారిలో కారులో వెళ్లాం. బయలుదేరేటప్పుడు అత్తయ్య ఒక పాత నూలు చీర మడతపెట్టి నా సంచిలో పెట్టారు. "పిల్లల బండి ఎక్కడ ఆగిపోయినా ఇది ఆగదమ్మా" అన్నారు. నాలుగు రోజుల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చింది ఆ చీరే.

ముందు బస సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడే తప్పటడుగు వేశాం. మొదటి రాత్రికి పాత ఫ్రెంచి ఇంటిని వసతి గృహంగా మార్చిన చోట గది తీసుకున్నాం. ఫొటోలో వరండా, తెల్లని స్తంభాలు చూసి మురిసిపోయాం. గది మాత్రం పై అంతస్తులో. నిలువుగా ఉన్న సన్నని చెక్క మెట్లు, ఒక పక్కనే పట్టుకునే కమ్మీ. పాప తానే ఎక్కుతానంటుంది. బాబు నా చంకలో, సంచులు మా వారి చేతిలో. వేడినీళ్లకు రెండుసార్లు కిందికి దిగాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి, బీచ్ రోడ్డుకు రెండు వీధుల వెనక, మధ్యలో చిన్న ముంగిలి ఉన్న ఇంట్లో కింది గదికి మారాం. కిటికీలోంచి సముద్రం కనిపించదు, గోడల సున్నం పెచ్చులూడుతోంది. అయినా పాప పరుగెత్తడానికి ముంగిలి ఉంది, పాలు వెచ్చబెట్టుకోవడానికి వంటగది వాడుకోనిచ్చారు. సముద్రం దాకా నా నడకన ఐదు నిమిషాలు, పాప నడకన ఇరవై. పిల్లలు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి నిద్రకు తిరిగి రావాల్సిందే కనుక గది అందం కన్నా ఆ ఐదు నిమిషాలే విలువైనవి. మూడు రోజుల అద్దె, మొదటి చోట ఒకటిన్నర రోజుల అద్దెతో సరిపోయింది.

ఇక నడక. బీచ్ రోడ్డు సుమారు కిలోమీటరున్నర. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా దాని మీదికి వాహనాలను రానివ్వరు. రోడ్డు మీద రెండున్నరేళ్ల పిల్ల చేయి వదిలేయగలగడం ఎంత పెద్ద విషయమో పిల్లలున్నవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మా పాప పుట్టాక ఒక ఊరి రోడ్డు మీద దాని చేయి వదిలింది అదే మొదటిసారి. గాంధీ విగ్రహం చుట్టూ ఎనిమిది ఎత్తైన రాతి స్తంభాలున్నాయి. తమిళనాడులోని జింజీ నుంచి తెచ్చినవి. పాప ఒక్కో స్తంభం దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ చాచి కౌగిలించుకుని, చెంప ఆనించి, "చల్లగా" అని చెప్పి తరువాతి దాని దగ్గరికి వెళ్లింది. ఎనిమిదీ అయ్యాక మళ్లీ మొదటి దాని నుంచి. అలా కిలోమీటరున్నర దూరానికి మాకు గంటన్నర పట్టింది. స్ట్రోలర్, అంటే పిల్లల బండి, చక్రాలకు ఆ నేల హాయిగా ఉంది.

జాగ్రత్త పడాల్సింది రాళ్ల దగ్గర. ఒడ్డు పొడవునా పెద్ద నల్లబండలు పేర్చారు, అల వాటికి కొట్టుకుని పైకి చిమ్ముతుంది. పిల్లలకు అవి ఎక్కాలనిపిస్తుంది, పైగా తడిస్తే జారతాయి. అందుకని ఇద్దరిలో ఒకరం ఎప్పుడూ సముద్రం వైపే నడిచాం. ఇసుకలో ఆడించాలంటే సచివాలయం ఎదుటి చోటు మేలు. కోతకు గురై ఇసుకంతా పోయిన ఆ తీరంలో 2018లో నీళ్లలో దిబ్బ కట్టాక మళ్లీ ఇసుక చేరింది. దక్షిణం చివర ఒకప్పటి ఫ్రెంచి గవర్నరు డూప్లే విగ్రహం దగ్గర చిన్న పార్కు, పిల్లల ఆటస్థలం ఉన్నాయి. ఒక్కటే లోటు: ఆ రోడ్డంతటిలో డైపర్ మార్చడానికి గానీ, బిడ్డకు పాలివ్వడానికి గానీ చాటైన చోటు మాకు కనిపించలేదు. తమిళనాడు బస్టాండ్లలో 2015 నుంచి పాలిచ్చే తల్లులకు గదులు కట్టారు. ఇన్ని కుటుంబాలు వచ్చే ఈ తీరంలోనూ అలాంటి గది ఒకటి కట్టాలని నా గట్టి కోరిక.

బీచ్ రోడ్డు వెనక వీధులు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి, దారి తప్పే ప్రసక్తే లేదు. పసుపు గోడలు, వాటి మీద నుంచి వాలే కాగితం పూలు. పాప రాలిన పూలను ఒక్కొక్కటిగా ఏరి బాబు ఒడిలో వేసింది, వాడు ఒక్కొక్కటిగా నోట్లో పెట్టుకోబోయాడు, నేను ఒక్కొక్కటిగా లాక్కున్నాను. ఆ వీధి దాటేసరికి అరగంట. చూడడానికి ఇంత బాగున్న వీధుల్లో కాలిబాటలు మాత్రం పిల్లల బండికి పనికిరావు. గట్టు ఎత్తు పాపకు మోకాలి పైకి వచ్చింది. ఎక్కించిన పది అడుగులకే పూలకుండీయో కరెంటు పెట్టెయో అడ్డం, మళ్లీ దించాలి. మొదటి పొద్దున విగ్రహం దగ్గర నుంచి బస దాకా పద్నాలుగుసార్లు ఎత్తి దించాం. రెండో రోజు నుంచి తొమ్మిది లోపే బయలుదేరి రోడ్డు అంచునే నడిచాం. ఆ వేళ రద్దీ ఉండదు.

పెద్ద కాలువ దాటి నెహ్రూ వీధి, మిషన్ వీధి వైపు వెళ్తే అదీ సాగదు. కాలిబాట నిండా మోటారు సైకిళ్లే. అక్కడ స్ట్రోలర్‌ను గదిలోనే వదిలి చీర తీశాను. రెండు మడతలు వేసి, కుడి భుజం మీదుగా తిప్పి, ఎడమ నడుము దగ్గర ముడి. బాబు నా నడుము మీద కూర్చున్నట్టే కూర్చుని, పది అడుగులకు నిద్రపోయాడు. పాలివ్వడానికీ అదే చాటు. నా రెండు చేతులూ పాపకు మిగిలాయి.

ఆ వైపే బుస్సీ వీధి. ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు గానీ పాత పేరూ చెలామణిలో ఉంది. 1757లో బొబ్బిలి కోట మీదికి సేనను నడిపిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఆయనే. ఉత్తరాంధ్ర బుర్రకథల్లో విన్న పేరు అక్కడ వీధి పేరుగా కనబడగానే మా వారు ఆగి, ఆ కథంతా పాపకు చెప్పబోయారు. అది అప్పటికే ఒక కుక్కపిల్ల వెంట పడింది.

రైల్వే స్టేషన్ దగ్గరి సేక్రెడ్ హార్ట్ చర్చి మాకు ఎండవేళ ఆసరా అయింది. గాజు కిటికీల రంగులు నేల మీద పడితే పాప ఎరుపు మీద ఒక కాలు, నీలం మీద ఒక కాలు పెట్టి కదలకుండా నిలబడింది. బాబుకు వెనక బల్ల మీద పాలిచ్చాను, ఎవరూ ఏమీ అనలేదు.

అరవిందాశ్రమంలోకి మూడేళ్లలోపు పిల్లలను అనుమతించరు. అక్కడి మౌనం అలాంటిది, నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ముందే తెలుసు కనుక వంతులు వేసుకున్నాం. పిల్లలను బయట ఆయన చూసుకుంటే నేను వెళ్లాను. అరవిందుల సమాధి మీది పూల పక్కన పావుగంట కూర్చున్నాను. ఎనిమిది నెలలుగా నా ఒంటి మీద ఎవరూ లేకుండా కూర్చున్న పావుగంట అది.

ఆ పక్కనే మణకుళ వినాయకుడి గుడి. గుడి ఏనుగు లక్ష్మి ఆశీర్వాదం కోసం ఒకప్పుడు పిల్లలు బారులు తీరేవారు. 2022 నవంబరులో ఉదయపు నడకలోనే కుప్పకూలి చనిపోయింది. మా చుట్టాలు చెప్పిన ఏనుగు కోసం పాప గుమ్మం దగ్గర వెతుకుతుంటే పూలమ్మే ఆవిడ కళ్లు తుడుచుకుని, దాని చేతిలో ఒక తామర మొగ్గ పెట్టింది, డబ్బులు తీసుకోలేదు.

ఊరి బయట, దేశదేశాల వాళ్లు కలిసి ఉండే ఆరోవిల్‌కు ఆటోలో వెళ్లాం. మీటరు మాట ఉండదు, ఎక్కకముందే రానూపోనూ బేరం కుదుర్చుకోవాలి. సందర్శకుల కేంద్రం నుంచి అక్కడి ధ్యానమందిరమైన మాతృమందిరం కనిపించే చోటికి చెట్ల నీడన కిలోమీటరు దాకా ఎర్రమట్టి దారి. పాప సగం నడిచింది, మిగతా సగం వాళ్ల నాన్న భుజం మీద. తిరిగి రావడానికి బండి ఉంటుంది, పసిపిల్లలు ఉన్నవాళ్లు మొహమాటపడకుండా ఎక్కేయండి. మందిరం లోపలికి పదేళ్లలోపు పిల్లలకు ప్రవేశం లేదు, బయటి నుంచే చూసి వచ్చాం. ఊరికి దక్షిణాన ఉన్న చున్నంబార్ పడవల రేవు, ఎదుటి ఇసుక దీవి మానేశాం. పడవ కోసం ఎండలో నిలబడే వయసు బాబుకు ఇంకా రాలేదు.

తిండికి ఇబ్బంది లేదు. ఏ వీధిలోనైనా పొద్దున ఇడ్లీ, పొంగల్; మధ్యాహ్నం పెరుగన్నం. మిరియాలు ఏరేస్తే పాపకు పొంగలే సరిపోయింది.

చివరి పొద్దున ఐదున్నరకే లేచి పిల్లలతో బీచ్ రోడ్డుకు వెళ్లాం. నీళ్ల అంచున సూర్యుడు లేచాడు. బాబు చీరలో, పాప మాకు పది అడుగుల ముందు, దాని రెండు చేతులూ గాలిలో. ఏడున్నరకు పోలీసు బారికేడ్లు పక్కకు లాగాడు. దూరంగా మొదటి స్కూటర్ చప్పుడు వినిపించింది. పరుగున వెళ్లి పాప చేయి పట్టుకున్నాను.