హవానాలో మెరుగు పెట్టని కార్ల కోసం

క్యూబా రాజధాని హవానాలో పాత అమెరికన్ కార్లను ఫొటో తీయాలనుకుంటే, పార్కె సెంత్రాల్ అనే పార్కు ఎదురుగా వరసకట్టి నిలబడే గులాబీరంగు కన్వర్టిబుల్ (టాపు మడిచే) కార్లకు డబ్బు పోయకండి. గంటకు 40 డాలర్లని మాట్లాడుకుంటే 38 నిమిషాలకే దింపేశారు. మావారి ముఖం మాడిపోయింది. దానికన్నా నాకు కష్టమనిపించింది వేరే. కంపెనీలోనే తయారైన కన్వర్టిబుల్ అని చెప్పి ఎక్కించిన ఆ 1955 షెవ్రోలేకు నాలుగు తలుపులున్నాయి. ఆ ఏళ్ళలో షెవ్రోలే చేసిన కన్వర్టిబుల్‌కు రెండే తలుపులు. అంటే మామూలు సెడాన్‌కు టాపు కోసేశారు. బేరానికి ముందే తలుపులు లెక్కపెట్టుకోండి.

ఫొటోకు పనికొచ్చే బండ్లు అక్కడికి కాస్త నడకలోనే, కాపితోలియో భవనం పక్కన పార్కె దె లా ఫ్రాతెర్నిదాద్ దగ్గర ఉంటాయి. మన షేర్ ఆటోల్లా రూటు మీద జనాన్ని ఎక్కించుకుంటాయి. వీటిని అక్కడ 'అల్మెంద్రోన్' అంటారు, పెద్ద బాదంకాయ అని. 1960లో క్యూబాకు అమెరికా ఎగుమతులు ఆపేశాక విడిభాగాలు రావడం మానేశాయి. అందుకే బానెట్ కింద టొయోటానో హ్యుందాయ్‌దో డీజిల్ ఇంజను, బ్రేకులు రష్యా కారు లాడావి. కారు కనపడక ముందే ఆ డీజిల్ చప్పుడు వినపడుతుంది, కెమెరా సిద్ధం చేసుకోవచ్చు.

ఏడాది పోల్చుకోవడానికి షెవ్రోలే సులువు. ముందు నాలుగు హెడ్‌లైట్లుంటే 1958 లేదా ఆ తర్వాతది. రెండే ఉంటే వెనక్కి వెళ్ళి పెట్రోలు మూత వెతకండి. 1956 మోడల్లో ఎడమ టెయిల్ లైటు వెనక, 1957లో ఎడమ రెక్క చివరి క్రోమ్ పట్టీ వెనక దాక్కుని ఉంటుంది.

తుప్పు మొదట తలుపుల అడుగు అంచున పొంగుతుంది, లోపల నీళ్ళు నిలిచేది అక్కడే కాబట్టి. నెప్తూనో వీధిలో ఆగి ఉన్న ఒక బ్యూయిక్ మడ్‌గార్డు మీద లప్పం ఎండిన చెరువులా బీటలిచ్చింది. పైన కుంచెతో వేసిన ఆకుపచ్చ, కుంచె గీతలతో సహా. దాని కింద తెలుపు, ఇంకా కింద పాత నీలం. అలాంటి చోట మోకాలి ఎత్తు నుంచి, 35 ఎం.ఎం. లెన్సుతో, పొద్దున ఏటవాలు ఎండలో తీయాలి. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) సగమే తిప్పండి, పూర్తిగా తిప్పితే క్రోమ్ చచ్చిపోతుంది. కదిలే బండికి 1/30 సెకను పెట్టి, కెమెరాను బండితోపాటే తిప్పాలి. మలెకోన్ అనే సముద్రపు గట్టు మీద ఉప్పు తుంపర లెన్సుకు అంటుతుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు బ్లోయరుతో ఊది తర్వాత తడిగుడ్డతో అద్దండి. పోలీసుల వైపు, సైన్యం వైపు కెమెరా తిప్పొద్దు.

బస మాత్రం హాయిగా గడిచింది. తలుపు మీద నీలం లంగరు లాంటి గుర్తున్న ఇల్లు (గదులు అద్దెకిచ్చే ఇళ్ళ గుర్తది), రాత్రికి 25 డాలర్లు. టిఫిను 5 డాలర్లకు జామ, బొప్పాయి, గుడ్లు, చిక్కటి కాఫీ. కరెంటు గంటలకొద్దీ పోతుంది, రెండు బ్యాటరీలు అదనంగా ఉంచుకోండి. శాకాహారులు కోంగ్రీ (చిక్కుడుగింజలు కలిపి వండే అన్నం) తినేముందు పందికొవ్వు వేశారేమో అడగాలి. అమెరికాలో ఉండే మనవాళ్ళకు ఉత్త టూరిజం కోసం వెళ్ళే వీల్లేదు, అనుమతించిన 12 కారణాల్లో ఒకటి ఉండాలి. అమెరికా బ్యాంకు కార్డులు క్యూబాలో పనిచేయవు, చిన్న నోట్లు పట్టుకెళ్ళండి.

అల్మెంద్రోన్ ఎక్కితే ముందు సీటే అడగండి, డాష్‌బోర్డు ఫొటోకు అదే చోటు. దిగేటప్పుడు తలుపు దబాలున వేయొద్దు. కీళ్ళు అరిగిపోయిన తలుపులవి, డ్రైవరు "సువావె!" అని అరుస్తాడు, మెల్లగా అని.