లౌత్ కౌంటీ గేలిక్ క్లబ్బులు: మూడు సీజన్ల సభ్యత్వం తరువాత ఒక సమీక్ష

ఐర్లండ్‌కు ఉద్యోగరీత్యా వచ్చి లౌత్ కౌంటీలోని డ్రోహెడా, డన్‌డాక్ పట్టణాలలో ఇల్లు చూసుకుంటున్న తెలుగు కుటుంబాలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: పిల్లలను గేలిక్ క్లబ్బులో (చేతులతోనూ కాళ్ళతోనూ ఆడే గేలిక్ ఫుట్‌బాల్, కర్రతో ఆడే హర్లింగ్ వంటి ఐరిష్ సంప్రదాయ ఆటల క్లబ్బులో) చేర్పించవచ్చా, అది మనవాళ్ళకు సరిపడుతుందా? పన్నెండేళ్ళ కొడుకుతోనూ తొమ్మిదేళ్ళ కూతురితోనూ మూడు సీజన్లుగా డ్రోహెడాలోని ఒక క్లబ్బుకు తిరుగుతున్నవాడిగా, ఆ సేవ మాకు ఏమిచ్చిందో, ఎక్కడ విసిగించిందో ఇక్కడ రాస్తున్నాను. పేరు చెప్పి ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు కనుక మా క్లబ్బు పేరు మాత్రం రాయడం లేదు.

లౌత్ విస్తీర్ణం సుమారు 826 చదరపు కిలోమీటర్లు. ఐర్లండ్‌లోని 32 కౌంటీలలో ఇదే అతి చిన్నది. ఇక్కడివాళ్ళు ముద్దుగా ‘వీ కౌంటీ’, అంటే బుల్లి కౌంటీ, అని పిలుచుకుంటారు. 2022 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ దాదాపు 1,40,000 మంది ఉంటే, దగ్గరలోని డబ్లిన్‌లో 14 లక్షల పైచిలుకు ఉన్నారు. అయినా ఈ కాస్త నేలలో దాదాపు 40 క్లబ్బులున్నాయి. మా పట్టణంలోనే న్యూటౌన్ బ్లూస్, ఓ రైలీస్, సెయింట్ నికొలస్, వుల్ఫ్ టోన్స్, ఆలివర్ ప్లంకెట్స్ ఉండగా, కాస్త వాయవ్యంగా వెళితే ఆర్డీ సెయింట్ మేరీస్, మొనాస్టర్‌బాయిస్ వైపు నేవ్ మార్టిన్, సముద్రపు ఒడ్డున క్లాగర్‌హెడ్‌లో డ్రెడ్‌నాట్స్, ఉత్తరాన కూలీ కికమ్స్ కనిపిస్తాయి. (కూలీ అన్నది అక్కడి కొండల ద్వీపకల్పం పేరు, మా నాన్నగారు ఫోనులో విని, ఆ జట్టులో కూలివాళ్ళే ఆడతారా అని అడిగారు.) ఏ క్లబ్బులో చేరాలన్నది సాధారణంగా మీరుండే పారిష్‌ను, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతాన్ని, బట్టి తేలిపోతుంది కాబట్టి ఎంపిక గురించి మీరు పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకోనక్కరలేదు.

సేవ అన్నాను గాని, ఇక్కడ జీతం తీసుకుని శిక్షణ ఇచ్చేవాళ్ళు మా క్లబ్బులో ఒక్కరూ లేరు. 1884లో థర్ల్స్ పట్టణంలో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌లో ఆట ఈనాటికీ అమెచ్యూర్‌గానే సాగుతోంది. కౌంటీ జెర్సీ వేసుకుని 82,000 మంది పట్టే క్రోక్ పార్క్‌లో ఆడిన మనిషి సోమవారం పొద్దున తన బడికో, ఆఫీసుకో, పనిచోటికో వెళ్ళవలసిందే. కుటుంబమంతటికీ కలిపి మేము ఏడాదికి కట్టేది రెండు వందల యూరోల లోపే. మిగిలిన ఖర్చును వారం వారం అమ్మే లాటరీ టికెట్లు, కేకుల అమ్మకాలు, స్థానిక దుకాణాల విరాళాలు నెట్టుకొస్తాయి. దీని అర్థం ఏమిటంటే, డబ్బు తక్కువగా కట్టే మీ దగ్గర నుంచి క్లబ్బు మీ శనివారాలను తీసుకుంటుంది.

నా వంతు రెండో నెలలోనే వచ్చింది. పిల్లల మ్యాచ్‌లో అంపైర్ రాలేదని ఎవరో తెల్ల కోటు, రెండు జెండాలు నా చేతిలో పెట్టి గోల్‌పోస్టు పక్కన నిలబెట్టారు. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళకు అంపైర్ అంటే తీర్పరి; ఇక్కడ తీర్పు చెప్పేవాడు మైదానంలో పరుగెత్తే రెఫరీ, అంపైర్ పని బంతి ఎటు పోయిందో చెప్పడం. అడ్డకర్ర కింద నుంచి వలలోకి పోతే గోల్, దానికి మూడు పాయింట్లు, పచ్చ జెండా. అడ్డకర్ర మీదుగా రెండు నిలువు కర్రల మధ్యన పోతే ఒక పాయింటు, తెల్ల జెండా. 2025 నుంచి పెద్దల ఫుట్‌బాల్‌లో 40 మీటర్ల వంపుగీత అవతల నుంచి కొడితే రెండు పాయింట్లు, దానికి నారింజ జెండా. ఇంత తేలికైన లెక్కలో కూడా, నిలువుకర్ర కొసకంటే చాలా ఎత్తున పోయిన ఒక బంతి లోపల పోయిందో బయట పోయిందో తేల్చుకోలేక నేను తెల్ల జెండా సగం ఎత్తి దించాను. అవతలి జట్టు తల్లి ఒకావిడ ఆ తరువాతి పావుగంట సేపు నన్ను కళ్ళతోనే దహించింది. మ్యాచ్ అయ్యాక టీ కప్పు తెచ్చిచ్చిందీ ఆవిడే.

శిక్షణ నాణ్యత విషయంలో నాకు ఫిర్యాదు లేదు. మా అబ్బాయికి బంతి నేల మీద నుంచి ఎత్తుకోవడం నేర్పిన సాయంత్రం నాకు బాగా గుర్తు. పురుషుల ఆటలో నేల మీది బంతిని నేరుగా చేతులతో తీయకూడదు, కాలి బొటనవేలిని దాని కిందికి జొనిపి పైకి లేపి అందుకోవాలి. వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్ అయిన ఆ కోచ్ బురదలో మోకాలు ఆనించి, వాడి బూటు ముందుభాగాన్ని చేత్తో పట్టుకుని బంతి కిందికి తోస్తూ, పది పన్నెండు సార్లు ఒకే కదలికను చేయించాడు. స్త్రీల ఫుట్‌బాల్‌లో మాత్రం చేత్తో నేరుగా తీయవచ్చు. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి మా అమ్మాయి అన్నను ఏడిపిస్తూనే ఉంది.

హర్లింగ్ సంగతి వేరు. కర్రతో చిన్న బంతిని గాలిలోకి లేపి కొట్టే ఆ ఆట చూస్తే మనకు గోటీబిళ్ళ, తెలంగాణలోనైతే చిర్రగోనె, గుర్తుకు రాక మానదు. కాని లౌత్ ప్రధానంగా ఫుట్‌బాల్ కౌంటీ. హర్లింగ్‌లో ఇది లోరీ మాహర్ కప్పు వంటి కింది అంచె పోటీలలో (2016, 2020, 2022లలో గెలిచింది) తన సత్తా చూపుకుంటుంది. మీ పిల్లలకు హర్లింగే కావాలంటే అన్ని క్లబ్బులలోనూ దొరకదు, ముందే కనుక్కోవాలి. ఒక్క విషయంలో మాత్రం దేశమంతా లౌత్‌కు వస్తుంది: కూలీ కొండల మీద సుమారు ఐదు కిలోమీటర్ల దారిని అతి తక్కువ దెబ్బలతో దాటవలసిన ‘పక్ ఫాడా’ పోటీ. పురాణ వీరుడు సెటాంటా బంతిని కొట్టుకుంటూ ఈ కొండలు దాటాడన్న కథ ఆధారంగా ఇక్కడివాళ్ళే దాన్ని మొదలుపెట్టారు.

క్లబ్బు విలువ నాకు పూర్తిగా అర్థమైంది 2025 మే నెలలో. లౌత్ జాతీయ ఫుట్‌బాల్ పట్టాన్ని మూడుసార్లు గెలిచింది; 1910లో ఫైనల్‌కు కెర్రీ జట్టు రైలు కంపెనీతో తగాదాపడి రాకపోవడం వల్ల, 1912లో ఆడి, 1957లో కార్క్‌ను రెండు పాయింట్ల తేడాతో ఓడించి. ఆ తరువాత రాష్ట్రస్థాయి అనదగిన లెన్‌స్టర్ పట్టం కూడా దక్కలేదు. 2010 ఫైనల్ చివరి క్షణాలలో పొరుగు కౌంటీ మీత్ జట్టు చెల్లని గోల్‌తో గెలిచిన సంగతిని ఇక్కడివాళ్ళు నిన్న జరిగినట్టే చెబుతారు. 2023, 2024 ఫైనళ్ళలో డబ్లిన్ చేతిలో ఓడి, చివరకు 2025లో అదే మీత్‌ను 3-14, 1-18 స్కోరుతో (ముందున్నది గోల్స్, తరువాతిది పాయింట్లు), అంటే 23 పాయింట్లకు 21తో, గెలిచారు. కెప్టెన్ శామ్ మల్రాయ్‌ది నేవ్ మార్టిన్ క్లబ్బు, మా ఇంటి నుంచి కారులో కొద్ది నిమిషాల దూరం. ఆ ఆదివారం సాయంత్రం మా వీధిలో ఎర్ర తెల్ల జెండా లేని కిటికీ లేదు. టీవీలో చూసిన మనుషులు తన క్లబ్బుతో ఆడే క్లబ్బుల వాళ్ళే అని మా అబ్బాయికి అర్థమైనప్పుడు వాడి ముఖం చూడవలసింది. పెద్ద కౌంటీలో ఇంత దగ్గరతనం దొరుకుతుందని నేననుకోను.

ఇక లోపాలు. సమాచారం ఇచ్చే పద్ధతి అధ్వాన్నంగా ఉంటుంది. మైదానం మారిందన్న సందేశం మూడు వాట్సాప్ గ్రూపులలో మూడు రకాలుగా, అదీ గంట ముందు వస్తుంది. మేము వెళ్ళిన మైదానాలలో చాలావాటికి తలదాచుకునే కప్పు లేదు, అడ్డంగా కొట్టే వానలో గొడుగు పనిచేయదు. బాలికల ఫుట్‌బాల్‌కూ, కమోగీకీ (అంటే స్త్రీల హర్లింగ్‌కు) సంఘాలు ఇప్పటికీ వేరు కావడం వల్ల ఒకే ఇంట్లో రెండు నమోదులు, రెండు షెడ్యూళ్ళు భరించాలి. విందులలో శాకాహారులకు చిప్స్ తప్ప మరొకటి దొరకడం అరుదు. రెండో ఏడు నుంచి మేమే పులిహోర చేసి తీసుకువెళుతున్నాము, గిన్నె ఖాళీగానే తిరిగివస్తోంది. దెబ్బలు తగలని ఆట కావాలంటే మాత్రం ఇది మీకు పనికిరాదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి పూర్తిగా వాట్సాప్ గ్రూపుల ఖాతాలోనిది. చేరదలచుకున్నవాళ్ళు ఏడాది మొదట్లో నమోదు తెరవగానే పేర్లు ఇవ్వండి; చిన్నపిల్లలకైతే ముందు ఒక శనివారం ఉదయపు శిక్షణకు ఊరికే తీసుకువెళ్ళి చూపించండి. ఫుట్‌బాల్‌కు పళ్ళ రక్షణ కవచం, హర్లింగ్‌కు హెల్మెట్ తప్పనిసరి. కారులో ఎప్పుడూ రెండు జతల మేజోళ్ళు, ఒక పాత తువ్వాలు ఉంచుకోండి, వాటిలో ఒక జత మీకోసం.