సిక్లిడ్లకు కలర్ మేత: మూడేళ్లు వాడాక నాకు తెలిసింది

భీమవరంలో మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకు ఉంది. అందులో ఉన్నవి ఆఫ్రికాలోని మలావీ సరస్సు జాతి సిక్లిడ్లు, అంటే అక్వేరియంలో పెంచే రంగు చేపలు: పసుపు రంగు ఎల్లో ల్యాబ్‌లు, నారింజ రంగు రెడ్ జీబ్రాలు, నీలి రంగు ఎలక్ట్రిక్ బ్లూలు. ఆస్టాజాంథిన్ అనే ఎర్ర రంగు పదార్థం, స్పిరులినా అనే నాచు పొడి కలిపిన కలర్ మేత వీటికి వేయడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మధ్యలో కంపెనీ మార్చినా పెద్దగా తేడా కనపడలేదు. అందుకే డబ్బా మీద పేరు కన్నా వెనక రాసిన దినుసులు చదవమంటాను.

పసుపు, నారింజ, ఎరుపు రంగులకు ఈ మేత నిజంగా పనిచేస్తుంది. నీలానికి పనిచేయదు, డబ్బా మీద నీలి చేప బొమ్మ ఎంత పెద్దగా వేసినా సరే.

ఎందుకో రొయ్యల ఊళ్లో ఉండే మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. రొయ్య మూకుట్లో పడగానే ఎర్రబడుతుంది కదా, ఆ ఎరుపే ఆస్టాజాంథిన్. పచ్చి రొయ్యలో అది ఒక ప్రోటీన్‌ని అంటుకుని నీలి బూడిద రంగులో ఉంటుంది. వేడి తగిలితే విడిపోయి అసలు రంగు బయటపడుతుంది. కెరోటినాయిడ్లనే ఇలాంటి పసుపు, ఎరుపు రంగు పదార్థాలను చేప ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. సరస్సులో అయితే రాళ్ల మీద నాచు, అందులోని చిన్న పురుగులు ఉంటాయి. మన ట్యాంకులో ఏముంది, మనం వేసిందే.

మా ఎల్లో ల్యాబ్‌లు కొన్నప్పుడు నిమ్మతొక్క రంగులో, పొట్ట కింద పాలిపోయి ఉండేవి. నెల తిరిగేసరికి ఆ పొట్ట భాగంలోకి కూడా పసుపు దిగింది. వెన్ను రెక్క మీది నల్లచార పక్కన ఇప్పుడు ఆ పసుపు చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం. రెడ్ జీబ్రాల నారింజ ఇంకా బాగా చిక్కబడింది. మేత దొరక్క కొన్నాళ్లు మామూలు గుళికలు వేసినప్పుడు అదే నారింజ మెల్లగా పలచబడింది. అంటే ఇది ఒకసారి వేసి వదిలేసే మందు కాదు, వేస్తూనే ఉండాలి.

నీలం సంగతి వేరు. ఈ చేపల చర్మంలో నీలి రంగు పదార్థమంటూ ఏదీ లేదు. గ్వానిన్ అనే పదార్థపు పలుచని పలకలు వెలుగులోని నీలాన్ని తిప్పికొడతాయి, కింద ఉన్న నల్ల కణాలు మిగతా వెలుగుని మింగేస్తాయి. స్పిరులినాలో ఉన్న నీలం చేప ఒంటికి ఎక్కదు. నాచు తినే జాతులకు స్పిరులినా మంచి తిండి, అంతవరకే.

నీలాన్ని తేల్చేది ట్యాంకులో పెత్తనం. మా ఎలక్ట్రిక్ బ్లూలలో మగవి మూడు ఉండేవి. మేత అన్నిటికీ ఒకటే, కానీ నీలంగా ఉన్నది ఒక్కటే. మిగతా రెండూ ఆడవాటిలా బూడిద రంగులో, ఒంటి మీద నిలువు చారలతో ఫిల్టర్ పైపు వెనక నక్కి ఉండేవి. నీలంగా ఉన్న ఆ పెద్దదాన్ని మా తమ్ముడి ట్యాంకుకి పంపాను. రెండోది మర్నాటికే మధ్యలోకి వచ్చి ఈదింది. వారం తిరక్కుండా ముందు ముఖం, తర్వాత వీపు నీలం తిరిగాయి. మన చెరువుల్లో మొజాంబిక్ తిలాపియా మగది గుంట తవ్వుకునే రోజుల్లో గొంతు తెల్లగా, ఒళ్లు నల్లగా మారడం చూసినవాళ్లకు ఇది వింతేం కాదు. అదీ సిక్లిడే.

ఇక నీళ్లు. డెల్టాలో ఉన్నవాళ్లు మేత కంటే ముందు పట్టించుకోవలసింది ఇదే. మలావీ చేపలకు లవణాలున్న కాస్త కఠినమైన నీరు, 8 చుట్టూ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) కావాలి. మాకు వచ్చేది కాలువ నీరు. వరదల రోజుల్లో ఎర్రనీరు దిగితే పటిక ఎక్కువ వేస్తారు, పటికతో పీహెచ్ కిందికి జారుతుంది. ఆ నెలల్లో ఎంత ఖరీదైన మేత వేసినా చేపలు రెక్కలు ముడుచుకుని పాలిపోయేవి. ఫిల్టర్‌లో వల సంచి కట్టి, కడిగి ఎండబెట్టిన ఆల్చిప్పలు వేశాక పీహెచ్ నిలబడింది, రంగు కూడా. కొందరు మినరల్ వాటర్ టిన్నులు తెచ్చి పోస్తారు. ఆ నీళ్లలో ఉండాల్సిన లవణాలు చాలావరకు ముందే తీసేస్తారు, ఈ చేపలకు అస్సలు పనికిరావు.

అడుగున తెల్లరాళ్లు ఉంటే చేప కూడా వెలిసిపోతుంది, నేలకు తగ్గట్టు తన నల్ల కణాల్ని కుదించుకుంటుంది. అవి తీసేసి గోదావరి ఇసుక జల్లించి, నీళ్లు తేటపడేదాకా కడిగి పరిచాను. పైసా ఖర్చు లేకుండా వచ్చిన మార్పు అది. గులాబీ రంగు ఎల్ఈడీల గురించి చెప్పడానికేం లేదు, లైటు ఆపగానే ఆ రంగు పోతుంది. షాపులో వేలెడంత పిల్లలే నిండు రంగులో మెరుస్తుంటే మాత్రం జాగ్రత్త. హార్మోన్లు పెట్టినవైతే ఇంటికొచ్చాక ఆ రంగు దిగిపోతుంది.

మేతలో నాకు నచ్చనిది నిల్వ. మన తేమకు మూత తీసిన డబ్బా వానాకాలంలో మెత్తబడిపోతుంది. గాలీ వెలుతురూ తగిలితే కెరోటినాయిడ్లు పాడవుతాయి. పెద్ద ప్యాకెట్ చవకని కొంటే సగం మేత అయ్యేసరికే గుళికలు వెలిసిపోయి నూనె కంపు కొడతాయి. చిన్న డబ్బాలే కొని ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

ఎండు రొయ్యల పొడి వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ లాంటి మాంసం తినే సిక్లిడ్లకు ఉప్పు పట్టించనిది అప్పుడప్పుడూ వేయొచ్చు. జీబ్రాల లాంటి నాచు తినే వాటికి వద్దు, మాంసం మేత ఎక్కువైతే పొట్ట ఉబ్బి చచ్చిపోవచ్చు. పసుపు, ఎరుపు చేపలున్నవాళ్లు ఈ కలర్ మేత నిశ్చింతగా కొనుక్కోండి. మొత్తం నీలి చేపలే ఉంటే ఆ డబ్బుతో ఒక పీహెచ్ కిట్టు కొనండి.