మీటలు లేని కొత్త ఈ-రీడర్

మద్దిలపాలెం వెళ్లే బస్సు రద్దీలో సంచి నలిగి, నేను డిజిటల్ పుస్తకాలు చదువుకునే పాత ఈ-రీడర్ తెర సగం నల్లబడింది. ఆ తెరలో ఉండే పలుచని గాజు విరిగితే బాగుచేయించడం దండగ. అందుకే అదే కంపెనీ కొత్త మోడల్ తెప్పించాను.

చెప్పుకోవడానికి అన్నీ పెరిగాయి. అంగుళానికి 167 చుక్కల తెర పోయి 300 చుక్కలది వచ్చింది. అక్షరం అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉంది, కాదనను.

కానీ పేజీ తిప్పే మీటలు పీకేశారు! విశాఖ ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు. చెమట పట్టిన వేలితో తెరను ఎంత రాసినా పేజీ కదలదు, కదిలితే ఒకేసారి రెండు దాటుతుంది. ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని, ఎడమ బొటనవేలితో మీట నొక్కుతూ కుడిచేత్తో ముంత మసాలా తినేవాణ్ణి. ఇప్పుడు ఆ నూనె చేయి తెరకు తగిలితే చాలు, ఎక్కడున్నానో వెతుక్కోవాలి. ఈ తెరలు తయారుచేసేవాళ్లు చదువుతూ ఏమీ తినరేమో.

తెలుగు విషయంలో మరీ నిర్లక్ష్యం. అక్షరాల సైజు పెంచితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి. వరుసల మధ్య ఎడం పెంచితే పేజీకి నాలుగు వాక్యాలు కూడా పట్టవు. స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లు ఆరంగుళాల తెర మీద చీమల బారులే.

గడువు ఇంకా ఉంది, వెనక్కి పంపేస్తున్నాను. మీటలున్న పాత మోడల్ ఎవరైనా అమ్మితే నేను కొంటాను.